పొట్టేలు ఒళ్లు దులిపేదాకా

పొట్టేలు ఒళ్లు దులపడం లేదు. తల మీద, వీపు మీద పసుపునీళ్లు పోశారు, నుదుట బొట్టు పెట్టారు, మెడలో వేపమండలు కట్టారు, డప్పులు మోగీ మోగీ అలిసి ఆగాయి. అయినా అది ముత్యాలమ్మ గుడి ముందు నాలుగు కాళ్లూ నేలలో పాతుకున్నట్టు నిలబడి, దవడ ఆడించుకుంటూ, ఈ పెండ్లి నాది కాదన్నట్టు చూస్తోంది. అది తనంతట తాను ఒళ్లు దులిపితేనే తల్లికి ఇష్టమైనట్టు, దానికీ ఇష్టమైనట్టు. అప్పటిదాకా కత్తి బయటికి రాకూడదు, యాటను ఇచ్చినవాళ్లు పగ్గం వదలకూడదు. ఆ పగ్గం కొస గుర్వమ్మ చేతిలో ఉంది. గొంగడి మడిచి గుడి అరుగు నీడలో వేసుకుని, డెబ్బై దాటిన మోకాళ్లు చాపుకుని, ఆమె కూడా పొట్టేలంత నెమ్మదిగానే కూర్చుంది. యుద్ధం గెలవాలని ఊరు మొక్కుతున్న మొక్కు ఇది. యాట గుర్వమ్మది, ఆలోచన ఆమె మనుమడు గిరిది, కూర ఊరందరిది. గిరి తన ట్రాక్టరుకు జెండాలు కట్టి, ఇంజను మీద పాటలపెట్టె ఎక్కించి, ఫోను పట్టుకుని ఎండలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పొట్టేలు దులిపిన మరుక్షణం ఆమె పగ్గం వదలాలి, ఫోను ముందుకొచ్చి 'కొట్టాలె, ఇడ్సిపెట్టొద్దు' అని ఒక్క మాట అనాలి, అది ఊరూరా ఫోన్లలో తిరగాలి. ఆ ఒక్క మాటే చింతగింజలా ఆమె నోట్లో అటూ ఇటూ పొర్లుతోంది. కొరికితే పగలదు, మింగితే దిగదు.

ఇస్తానన్నది ఆమే కదా, ఎవరూ చెయ్యి మెలిపెట్టి అనిపించలేదు. నిన్న సందెవేళ టీవీ ముందు కూర్చుంది, కశ్మీరు చూడబోయినవాళ్లను నిలబెట్టి కాల్చి చంపారని మళ్లీ మళ్లీ చూపిస్తుంటే ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎవరి కొడుకులో, ఎవరి మొగుళ్లో, కొండలూ మంచూ చూసివద్దామని పోయిన పాపానికి. చంపినవాళ్ల చేతులు పడిపోను అని మెటికలు విరిచింది, అదీ అబద్ధం కాదు, ఇప్పుడడిగినా అదే తిడుతుంది. ఆ తర్వాత కోటు వేసుకున్న మనిషొకడు బల్ల గుద్దుకుంటూ వచ్చాడు, వాడి వెనక మంటలు, విమానాలు, వాడు అరిచిన కొద్దీ ఈమె రక్తం కూడా పొంగింది. వాడికేమో చెమట కూడా పట్టలేదు, చల్లటి గదిలో ఉన్నాడు కాబోలు. సరిగ్గా ఆ పొంగులోనే గిరి వచ్చి పక్కన కూలబడి, అవ్వా, పెద్ద పొట్టేలును తల్లికిద్దామే, మన సైన్యం గెలవాలె అన్నాడు, ఆమె నోరు ఇస్త పో అంది. పొంగు మీద ఉన్న పాలకు గిన్నె అంచు ఎక్కడ కనపడుతుంది. తెల్లారి దొడ్డిలో గొర్రెల మధ్య నిలబడి చూసుకుంటే పొంగు చల్లారింది, మాట మాత్రం అక్కడే ఉంది. మాట తప్పిన మనిషి అనిపించుకోకుండా ఇన్నేండ్లు బతికింది గుర్వమ్మ. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడమంటే, అదీ తల్లి గద్దె ముందు, చిన్న సంగతి కాదు.

అప్పుడే కదా బిక్షమ్మ వచ్చింది, దొడ్డి తడిక పట్టుకుని, లోపలికి రాకుండా. ఈ ఊరి నుంచి సైన్యంలో ఉన్నది ఒక్కడే, విజేందరు, ఆ బిక్షమ్మ కొడుకు. ఇంత మొక్కు మొక్కుతున్న ఊళ్లో ఇంకెవరి ఇంటి నుంచీ ఒక్క కాలి గోరు కూడా బార్డరుకు పోలేదు. మెడలో శిలువ గొలుసును వేళ్లతో తిప్పుకుంటూ ఆమె మెల్లగా అంది.

"పెద్దమ్మా, పిల్లగాని ఫోను కలుస్తలేదు. అందరు కొట్టాలె కొట్టాలె అంటుంటె నా కొడుకునే కొడుతున్నట్టు ఇనొస్తాంది. ఎవ్వలేమనకుంటెనేమో, వాడాడ ఒక్కడే నిలవడ్డట్టనిపిస్తాంది. ఏది మంచిదో నువ్వన్న చెప్పు."

ఎంత మాట అడిగింది. గుర్వమ్మ దేవుడున్నడు పో బిడ్డా అని పంపింది. దేవుడు ఉంటే ఉన్నాడు, అడిగింది ఆయన్ని కాదు కదా, తనను కదా. పొద్దుటి నుంచి ఆ జవాబు కోసమే వెతుకుతోంది, గొర్రెలకు నీళ్లు పెడుతూ, పొట్టేలు కొమ్ములు కడుగుతూ, ఇప్పుడిక్కడ పగ్గం పట్టుకుని కూర్చుని కూడా. ఆ పగ్గం వదిలేలోపు దొరకాలి. వదిలాక దొరికిన జవాబు ఎవరికి కావాలి, కూర ఉడికాక ఉప్పు గుర్తుకొచ్చినట్టు.

"ఏందవ్వా, నీ పొట్టేలు గూడ నీ లెక్కనే మొండిదున్నది," అన్నాడు వార్డు మెంబరు పరమేష్, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

"మొండిది గాదురా, ఇగురమున్నది, తెలివిగల్లది. ఓట్లప్పుడు నీ మాటకు తలూపిన మాకు గా ఇగురం లేకపాయె."

గుంపంతా నవ్వింది, పరమేష్ కూడా నవ్వాడు, ఏం చేస్తాడు. గిరి మాత్రం నవ్వలేదు. వాడికి తొందర. ఎండ దిగితే వీడియోలో మొహాలు నల్లగా పడతాయట.

"అవ్వా, దులిపినంక నువ్వు గట్టిగనాలె, సరేనా. మనం ఎనక నిలవడితెనే గద సిపాయికి బలం. ఊళ్లె మనం గమ్మునుంటె, వాడు ఎవల కోసం కొట్లాడాలె?"

అబద్ధమా అది? అబద్ధమేం కాదు. మనిషికి వెనక మనిషి ఉండాల్సిందే. గొర్రెల మందకు ముందు నడిచేవాడొకడుంటే వెనక అదిలించేవాడొకడు ఉండాలి, ముందువాడికి వెనకవాడి కూత వినపడుతూ ఉండాలి, లేకపోతే చీకటిపడ్డాక కాలు ముందుకు పడదు. కాని వెనకవాడూ అదే ముండ్లలో నడుస్తాడు, అదే వానలో తడుస్తాడు. అరుగు మీద కూర్చుని అదిలించేవాణ్ణి మందకు కాపరి అనరు. గిరి మంచివాడే, పెద్ద మనసే, ఎవరింట్లో చావైనా ట్రాక్టరు తోలుకుపోయి కట్టెలు వేసొస్తాడు. కాని కోడిని కోస్తుంటేనే వాడు గోడ అవతలికి పోతాడు, పొద్దున పొట్టేలును కడిగేటప్పుడు కూడా అటు తిరిగి నిలబడ్డాడు. అది తప్పు కాదు. కొట్లాడలేనివాడు కొట్లాడమనకూడదని కూడా ఎక్కడా రాసిలేదు. మరి ఏముంది? ఏదో ఉంది. నాలుక మీదే ఉంది.

విజేందరు పుట్టినప్పుడు బిక్షమ్మకు జ్వరం, పాలు పడలేదు. మందలో మేకలు రెండు మూడు ఉండేవి, పిల్లవాడి ఏడుపు ఊరవతలి వాడ దాటి వినపడుతుంటే గుర్వమ్మే చెంబు పట్టుకుని పోయింది. ఆ వాడకు పాలు మోసుకుపోతావా అని పెద్దమనుషులు మొహం మాడ్చుకున్నారు, మాడితే మాడనీ, మొహాలే కదా అనుకుంది. మేకపాలు తాగి వాడు మేకపిల్లలాగే పెరిగాడు, ఒకచోట నిలబడడు. తర్వాత, మీసం మొలిచాక, తెల్లారుజామున సిమెంటు లారీల రోడ్డు మీద పరుగెత్తేవాడు, సైన్యంలో చేరాలంటే పరుగు గెలవాలట, గొర్రెలు అడ్డమొస్తే దూరం నుంచే అరిచేవాడు, ఓ గుర్వవ్వా, నీ ఫౌజును జర జరుపు, టైము పోతాంది అని. రాయిపొడితో తెల్లబడ్డ తుమ్మచెట్ల మధ్య వాడొక్కడే నల్లగా మెరుస్తూ పోయేవాడు. పోతున్ననాడు కాళ్లు మొక్కితే, లడాయికెందుకురా కొడకా అంది. లడాయికి గాదే అవ్వా, నౌకరికి అని నవ్వాడు, బాపు గని పనిల చెవులు పోగొట్టుకున్నడు, మోకాళ్లు పోయినయి, ఇంకెంత కాలం చేస్తడు అన్నాడు. పోయినేడు సెలవు మీద వచ్చినప్పుడు మళ్లీ అడిగింది, భయమైతదా అని. వాడు గొర్రెలను అదిలిస్తూ, పక్కనున్నోని కోసం నిలవడుడే అవ్వా, ఇంకేం యాదికి రాదు అన్నాడు. వాడి నోట టీవీ మనిషి మాట ఒక్కటి కూడా రాలేదు. కొట్లాడేవాడు అంత మెల్లగా మాట్లాడుతుంటే, కొట్లాడనివాళ్లకెందుకు ఇంత గొంతు.

అవతల గనిలో తూటా పేలింది. నేల ఒకసారి అదిరి, గుడి గంట నాలుక కదిలింది, వంటగిన్నెల మీద మూతలు గలగలమన్నాయి. రోజూ ఉండేదే, సున్నపురాయి కోసం గుట్టను పేల్చడం. అయినా కుర్రవాళ్లు, అద్గదీ, పాకిస్తానోడి నెత్తిమీద పడ్డది అని ఈలలు వేశారు. పొట్టేలు మాత్రం చెవి కూడా కదపలేదు. ఈ ఊరికి బాంబు అంటే ఇదే, గోడకు పగులు, పప్పులో ఇంత దుమ్ము. గుర్వమ్మ అమ్మ ఈదమ్మకు మాత్రం వేరే చప్పుడు తెలుసు. రజాకార్ల కాలంలో గుర్వమ్మ ఇంకా కడుపులో ఉంది. నిజాం మీద కొట్లాడే సంగపోళ్లు గుట్టల్లో ఉంటే ఈదమ్మ జొన్నగటక కుండను గొంగడి కింద దాచి, నెలలు నిండిన కడుపు మీద ఇంకో కడుపులా మోసుకుని, గొర్రెలు తోలుకుంటూ పోయేది. ఎవరో చెప్పారు, రజాకార్లు వచ్చి గుడిసె కాల్చారు, మంద తోలుకుపోయారు, ఆమె వీపు మీద తుపాకీ మడమతో కొట్టిన చోట సచ్చేదాకా ఒక గుంట ఉండేది, చిన్నప్పుడు గుర్వమ్మ ఆ గుంటలో వేలు పెట్టి ఆడుకునేది. తుపాకి పట్టలె గని నేను గూడ ఆ లడాయిల ఉన్ననే బిడ్డా అనేది ఈదమ్మ, గొప్పగా కాదు, సంతకు పోయొచ్చిన అన్నట్టు. మరి నువ్వు కూడా పోరగాండ్లను పొమ్మని చెప్పినవా అమ్మా అని అడిగితే చివ్వున తల ఎత్తింది. పోయెటోనికి సద్ది గట్టిన గని, ఎవ్వన్నీ పో అనలె. ఆ మాట విన్నప్పుడు గుర్వమ్మ గొర్రెపిల్లకు పాలు పడుతోంది, ఇంతే కదా అనుకుని వదిలేసింది. ఇన్నేండ్లకు ఇప్పుడు, పసుపునీళ్ల వాసనలో, డప్పుల మధ్య, ఆ మాట ఎదురుగా వచ్చి కూర్చుంది, అమ్మే వచ్చి కూర్చున్నట్టు.

అమ్మ అనని ఆ మాటే కదా మొన్న తెలంగాణ కోసం కొట్లాడినప్పుడు అందరూ అన్నది. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి ఊరంతా వంట చేసుకుని తిన్నారు, గుర్వమ్మ కూడా గొంగడి వేసుకుని లారీల ముందు కూర్చుంది, కాళ్లు కాలినా లేవలేదు, అందుకు ఇవాళ్టికీ ఆమెకు ఛాతీ ఉప్పొంగుతుంది. వేదికలెక్కినవాళ్లు ప్రాణాలిస్తం ప్రాణాలిస్తం అన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు, గుర్వమ్మ కూడా. పొద్దుగూకి అన్నవాళ్లంతా ఇండ్లకు పోయి అన్నాలు తిన్నారు. పక్క ఊరి పిల్లవాడొకడు మాత్రం ఆ మాటను నిజమనుకున్నాడు, ప్రాణమిచ్చాడు. సొమ్మసిల్లిన వాడి తల్లి మొహం మీద నీళ్లు చల్లుతుంటే గుర్వమ్మ తన చప్పట్లే తన చెవిలో విన్నది. తెలంగాణ వచ్చింది, రావాల్సిందే, వచ్చినందుకు సంతోషమే. కాని తమ దగ్గర ఉన్నదాన్ని ఇస్తామనడం వేరు, ఇంకొకడి దగ్గర ఉన్నదాన్ని ఇస్తామనడం వేరు. తన పొట్టేలును ఇవ్వగలదు గుర్వమ్మ, పెంచింది కాబట్టి. బిక్షమ్మ పెంచినదాన్ని ఏ నోటితో ఇస్తుంది.

డప్పులు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. తల ఎత్తి చూస్తే పొట్టేలు తల నుంచి తోక దాకా విదిలించుకుంటోంది, పసుపునీళ్లు చిమ్మి ముందువరస చొక్కాలన్నీ చుక్కలయ్యాయి, జనం జై కొడుతున్నారు, కోసే మనిషి మొలలోంచి కత్తి తీస్తున్నాడు. గిరి పొట్టేలు తల పక్కన వంగి ఉన్నాడు. వాడి చేతిలో చెంబు. ఆ చెంబు మూతి నుంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి, పొట్టేలు ఎడమ చెవిలోంచి కూడా. ఓహో, అదా సంగతి. చెవిలో నీళ్లు పోస్తే ఏ జీవమైనా దులుపుతుంది, దానికి తల్లి అక్కర్లేదు, ఇష్టం అక్కర్లేదు. నిన్న సందెవేళ కోటు మనిషి కూడా ఇదే చేశాడు కదా తనకు, చెవిలో పోశాడు, తను ఒళ్లు దులిపి ఇస్త పో అంది.

గుర్వమ్మ పగ్గాన్ని ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుని లేచి నిలబడింది.

"గిరిగా, చెంబు కింద వెట్టు."

"దులిపింది గదనే అవ్వా! అందరు జూసిన్రు!"

"చెవుల నీళ్లు పోస్తె నువ్వు గూడ దులుపుతవు."

డప్పు కొట్టేవాళ్ల చేతులు ఆగాయి. పరమేష్ గొంతు తగ్గించి దగ్గరకొచ్చాడు. "అవ్వా, గిది యాడనన్న ఉండేదే గదా. దులపకుంటె అందరు గిట్లనే జేస్తరు. ఎసరు మసులుతాంది, ఇంతమంది ఆకలి మీదున్నరు."

"ఉండేదే. వాన కోసం మొక్కినప్పుడు ఇదే పని జేస్తె నేను గూడ జూసి జూడనట్టున్న. వాన పడితె మన నెత్తిన గూడ పడ్తది. ఇది మన నెత్తిన పడేది గాదు."

"అంటె మన దేశం ఓడిపోవాల్నా?" అన్నాడు గిరి. జనం ముందు వాడి మొహం ఎర్రబడింది. "నిన్న నువ్వే గద టీవీ జూసి ఏడ్సినవ్!"

"ఇయ్యాల గూడ ఏడుస్త. ఓడాలని ఎవడన్నడురా? గెలవాలె. గెలిచి పోరడు ఇంటికి రావాలె. పోయినోనికి సద్ది గట్టుమను, గడ్త. వాని ఇంటికి నీళ్లు మొయ్యుమను, మోస్త. గని పో, కొట్టు అని చెప్పుమంటె నాతోని గాదు. ఆడ నిలవడ్డ మెడ నాది గాదు."

"దేశమంటె లెక్కలేదు ముసల్దానికి," అన్నారెవరో వెనక నుంచి. గుర్వమ్మ అటు చూసింది, ఎవరో తెలుసుకోవడానికి కాదు, విన్నానని తెలియడానికి. తల్లి గద్దె వైపు తిరిగి చేతులు జోడించింది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే పాపం చుట్టుకుంటుందని పొద్దుటి నుంచి గుండెలో ఒక బరువు ఉండింది, అది ఎప్పుడు దిగిపోయిందో ఆమెకే తెలియలేదు. తల్లి అయితే మాత్రం, చెవిలో నీళ్లు పోసి పుట్టించిన ఇష్టాన్ని ఏం చేసుకుంటుంది.

"మరి వీడియో?" అన్నాడు గిరి, ఏడవలేక.

"పొట్టేలుతోని తీస్కో. అది గూడ ఏమనలె, నేను గూడ ఏమనలె."

ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత ఇంకెవరో. పరమేష్ తువ్వాలు భుజాన వేసుకుని వంటవాళ్ల వైపు నడుస్తూ, ఇగ పప్పుచారే గతి అన్నాడు. సగం మంది మొహాలు ముడుచుకున్నారు, సగం మంది గుర్వమ్మకు దారి ఇచ్చారు. ఆమె గొంగడి దులిపి భుజాన వేసుకుని పగ్గం పట్టుకుని నడిచింది, పొట్టేలు ఆమె వెనకే, ఇంతసేపూ దీనికేనా అన్నట్టు.

ఇంటికి పోలేదు. వాడ వైపు తిరిగింది. బిక్షమ్మ గడప దగ్గర చేటలో పెసలు చెరుగుతోంది, పక్కన ఫోను బోర్లా పెట్టి ఉంది. లోపల మంచం మీద ఆమె మొగుడు ఇస్రాయేలు నిద్రపోతున్నాడు, ఆ డప్పులు కూడా ఆయన చెవులదాకా పోలేదు. పొట్టేలును చూసి బిక్షమ్మ చేట ఆపింది.

"కొయ్యలేదా పెద్దమ్మా?"

"కొయ్యలె."

"వాని పేరు జెప్పే గద మొక్కిన్రు." బిక్షమ్మ గొంతులో చిన్న ముల్లు. "మేము మొక్కింది తినం, అది ఏరే సంగతి. గని వాని కోసమంటె నువ్వు వద్దన్నవా?"

ఈ ముల్లు తగులుతుందని గుర్వమ్మకు తెలుసు. అందుకే ఇంటికి పోకుండా ఇక్కడికి వచ్చింది. గూటానికి పొట్టేలును కట్టి, గడప మీద బిక్షమ్మ పక్కన ఒరిగి కూర్చుంది, చేటలోంచి పిడికెడు పెసలు తీసి రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

"వాని కోసమే వద్దన్న. వాడొచ్చిన దినం కోస్త, మొక్కు లేకుంట, ఉత్త కూరకు. అప్పుడు తింటవు గదా. పొద్దుగాల అడిగితివి, అరుసుడు మంచిదా, గమ్మునుండుడు మంచిదా అని. రెండూ కాదే బిడ్డా. వాడే ఇయ్యాల ఈడుంటె ఏం జేస్తుండె?"

బిక్షమ్మ ఫోను వైపు చూసింది. "ఏం జేస్తుండె? చెల్క దున్నుతుండె. గందుకే గద గీ నెలల సెలవు వెట్టుకున్నడు. లడాయి రాంగనే సెలవులు బందు వెట్టిన్రు. ఈయనకు మోకాళ్లు లేవవు. తొలకరి ఆగుతదా మన కోసం."

"గంతే మరి. మనం జెయ్యాల్సింది అది. రేపు పొద్దుగాల గిరిగాడు ట్రాక్టరేసుకొని వస్తడు. జెండాలుంటె ఉండనియ్యి, దున్నేటందుకు అడ్డం రావు."

బిక్షమ్మ చేట మళ్లీ ఆడించింది, పొట్టు గాలికి లేచి పొట్టేలు మీద పడింది. తర్వాత అనుమానంగా అడిగింది.

"వస్తడా పెద్దమ్మా? గంతమంది ముంగట వాని పరువు దీస్తివి. వాన్ని అడిగినవా?"

"యాటనంటె అడగాలె గని," అంది గుర్వమ్మ, పెసల్లోంచి ఒక రాయి ఏరి వీధిలోకి విసిరేస్తూ, "వాన్ని అడిగేదేముంది?"